మూసీకి ఎదురుగా కూర్చున్న పట్నం

హైదరాబాద్‌లో వీధిదీపం వెలగకపోయినా, మోరీ పొంగి ఇంట్లోకొచ్చినా జనం నోట వచ్చే పేరు బల్దియా. పొడుగాటి కార్పొరేషన్ పేరుకు చోటు చాలనప్పుడు పత్రికలవాళ్ళూ ఈ మూడక్షరాలనే శీర్షికలో పెడతారు. అరబ్బీలో బల్దా అంటే పట్టణం. ఉర్దూ మీదుగా తెలంగాణ తెలుగులోకి వచ్చి ఇక్కడే కాపురం పెట్టిన మాట అది. ఆ మాటతోనే నూరేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఇంకో పేరుండేది: ఆరాయిష్-ఎ-బల్దా. ఆరాయిష్ అంటే సింగారం. ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అన్నారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1912లో, దాన్ని నెలకొల్పారు.

పేరు చూసి ఇదేదో పూలమొక్కల వ్యవహారం అనుకుంటే పొరపాటే. వేలమందిని ఒక్క పూటలో పొట్టన పెట్టుకున్న వరద తర్వాత, నీళ్ళు ఎక్కడ ఉండాలి, మనుషులు ఎక్కడ ఉండాలి అని ఒక ఊరు తనను తాను ప్రశ్నించుకోవలసి వచ్చింది. ఆ వెతుకులాటలో పుట్టిన సంస్థ అది.

1908 సెప్టెంబరు 28, సోమవారం. పెత్రమాస వెళ్ళి మూడు రోజులైంది; బతుకమ్మ ఆడే దినాలు. రంజాన్ నెల కూడా అప్పుడే మొదలైంది. వాన మాత్రం తెరిపి ఇవ్వలేదు. పట్నానికి దక్షిణాన ఉన్న శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాలు కురిసింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, ఏడాదిలో చాలా నెలలు ఇసుక మీద సన్నని పాయగా పారే మూసీ ఆ తెల్లవారుజామున ఊరి గోడల్ని దాటింది. కోల్సావాడి, అఫ్జల్‌గంజ్, బేగంబజార్ అన్నీ మునిగిపోయాయి. కోల్సా అంటే బొగ్గు. కోల్సావాడి మన బొగ్గులవాడ. చనిపోయినవాళ్ళు 10,000 అని కొందరు, 15,000 అని కొందరు రాశారు. సుమారు 19,000 ఇళ్ళు కూలాయి. అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన వరద ధాటికి ఆగలేదు. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ ఒక్కటే తన 22 కమానులతో గాయపడి నిలిచింది.

నది పక్కనే ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని దాపున అఫ్జల్ పార్కులో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఉర్దూ రుబాయీలకు పెట్టింది పేరైన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆ దుఃఖాన్నే ‘ఖయామత్-ఎ-సుగ్రా’ అన్న పేరుతో కవిత చేశాడు. సుగ్రా అంటే చిన్నది. చిన్న ప్రళయం అని ఆ పేరుకు అర్థం. ఇల్లంతా పోయిన మనిషి ఆ మాట వాడాడంటే అందులో ఎంత నిగ్రహం ఉందో.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ళ తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. వంటశాలలు పెట్టించారు. పండితుల మాట మీద ఆయన మూసీ ఒడ్డుకొచ్చి నదికి హారతి పట్టి, చీరె సారె సమర్పించాడని పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు. అది జరిగిందో లేదో గానీ, నదిని ఆడబిడ్డగా చూసి శాంతింపజేయాలన్న ఊహ ఈ నేలది. తెలంగాణలో చెరువుకట్ట ఉన్నచోటల్లా కట్టమైసమ్మ ఉంటుంది. నీళ్ళను కట్టడి చేయాలంటే ముందు ఆ తల్లికి దండం పెట్టాలని ఇక్కడి రైతుకు తెలుసు.

ఆ చెరువుకట్టల దగ్గరికే వచ్చాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

అప్పటికి ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలేసి విదేశాల్లో తిరుగుతున్నాడు. నిజాం సర్కారు కబురు అక్కడే అందింది. 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరాడు. వరద కారణం చెప్పి, మళ్ళీ రాకుండా దారి చూపి, దాంతోపాటు పట్నానికి మురుగునీటి పారుదల పథకం కూడా తయారుచేయాలి. ఇది ఆయనకు అప్పగించిన పని. ఊరి మధ్యలో కొట్టుకుపోయిన గోడల్ని కొలిచి, ఇంకో రెండు గజాలు ఎత్తు పెంచమని చెప్పి వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన నది వెంట పైకి వెళ్ళాడు. పట్నానికి ఎగువన మూసీకి నీళ్ళిచ్చే నేల సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులున్నాయని లెక్క తేల్చాడు. అంటే దాదాపు చదరపు మైలుకొక చెరువు. ఆ వాన రోజుల్లో వాటిలో 221 తెగాయి.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణ చెరువు ఒంటరిది కాదు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి వస్తాయి. అది నిండితే దాని కిందిది. గొలుసుకట్టు అంటారు. కాకతీయుల కాలం నుంచీ, అంతకుముందు నుంచీ ఈ మెట్టనేలను బతికించింది ఈ గొలుసే. పెద్ద నది లేని చోట ప్రతి వాగునూ వంద చోట్ల ఆపి, తూము తీసి, పొలానికి పంచుకున్నారు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో చూసుకోవడానికి ఊరికొక నీరడి ఉండేవాడు. గొలుసులోని బలం అదే, ప్రమాదం కూడా అదే. పైన ఒక కట్ట తెగితే దాని నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అది తట్టుకోలేక తెగుతుంది. అలా తెగుతూ తెగుతూ, పల్లెల్లో ఆపుకున్న నీరంతా ఒక్క రాత్రిలో పట్నం మీదికి వచ్చింది.

విశ్వేశ్వరయ్య చేసిన పెద్ద పని, పట్నం వరదకు మూలం పల్లె చెరువుల్లో ఉందని అంకెలతో చూపించడం. పట్నం తన నీళ్ళ గురించి ఆలోచించాలంటే తన ఎల్లల బయట ఆలోచించాలి. ఆయన 1909 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో పట్నానికి కొన్ని మైళ్ళ ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టుకోవాలన్నాడు. ఊళ్ళో నది ఒడ్డుల్ని ఎత్తు చేసి, వాటి వెంబడి జనం నడవడానికి దారులు, కూర్చోవడానికి తోటలు వేయాలన్నాడు. ప్రాణాలు తీసిన నది ఒడ్డున పార్కులేమిటని ఆనాడు ఎవరికైనా అనిపించి ఉండవచ్చు. ఆలోచిస్తే అందులో లోతు తెలుస్తుంది. ఒడ్డు ఖాళీగా వదిలితే ఎవరో ఒకరు గోడ లేపుతారు. తోట వేస్తే అది ఊరందరిదీ అవుతుంది. నది పొంగితే తోట మునుగుతుంది, ఇల్లు మునగదు.

మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో హిమాయత్‌సాగర్ 1927కల్లా సిద్ధమైంది. తెలుగువాళ్ళలో ఉస్మాన్‌సాగర్ అని పిలిచేవాళ్ళు తక్కువ. దాని పక్కనున్న ఊరి పేరుతో అది గండిపేట చెరువైంది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని సామెత పుట్టింది. వరదను ఆపడానికి కట్టిన కట్ట చివరికి ఊరికి తాగునీళ్ళ బిందె అయింది. అంతకుముందు ఊరికి మీర్ ఆలం చెరువు, హుస్సేన్‌సాగర్, ఇంటింటి బావులే దిక్కు.

అయితే ఒకే కట్ట వెనుక రెండు కోరికలు ఇమడటం కష్టం. వరదను మింగాలంటే చెరువు వెలితిగా ఉండాలి. తాగునీటికి భరోసా కావాలంటే నిండుగా ఉండాలి. ఆకాశం ఏం చేస్తుందో తెలియని సెప్టెంబరు రాత్రి గేటు ఎప్పుడు ఎత్తాలన్నది ఆనాడు మొదలై ఇప్పటికీ తెగని లెక్క.

నీళ్ళకు చోటు దొరికింది. మనుషుల సంగతి?

వరద ముగిసిన మూడేళ్ళకు, 1911లో, పట్నంలోకి ప్లేగు దిగింది. ఇరుకు గల్లీలు, గాలి ఆడని గదులు, ఇంటి ముందే నిలిచిపోయే మురుగు. కూలిన వేల ఇళ్ళ స్థానంలో జనం ఎక్కడ చోటు దొరికితే అక్కడ తలదాచుకోవడంతో ఆ ఇరుకు ఇంకా పెరిగింది. బొంబాయిలో 1890ల ప్లేగు తర్వాత 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. హైదరాబాద్ బోర్డుకు దారి చూపింది అదే. కాకపోతే బొంబాయికి లేని తొందర ఇక్కడ ఒకటుంది: ఊరికి ఊరే నది ఒడ్డున కొత్తగా లేవాలి.

బోర్డు చేసిన పనులు చదివితే పెళ్ళివారి సామాను పట్టీ గుర్తుకొస్తుంది. రోడ్ల వెడల్పు, మోరీలు, వంతెనలు, పార్కులు, మార్కెట్లు, తక్కువ అద్దెకు ఇళ్ళు. మల్లేపల్లి, మలక్‌పేట, ఖైరతాబాద్, రెడ్‌హిల్స్ లాంటి చోట్ల రకరకాల తరగతుల ఇళ్ళు వరుసలుగా కట్టారు. చిన్న గుమాస్తాకు సరిపడేవి, కూలివాడికి సరిపడేవి, కాస్త ఉన్నవాడికి సరిపడేవి. ఇంటికి వెలుతురు, గాలి, మంచినీళ్ళు, మురుగు పోయే దారి ఉండాలన్నది సూత్రం. ఇవాళ ఇది మామూలు మాటలా వినిపిస్తుంది. కానీ దేశంలోని ఒక సంస్థానంలో, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో, పేదవాడి ఇల్లు కూడా వంతెనలాగా, ఆసుపత్రిలాగా సర్కారు కట్టాల్సిన పనేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. బోర్డు ఇంగ్లీషు పేరును పొట్టి చేసిన సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న మాట కొన్ని చిరునామాల్లో ఇంకా బతికే ఉంది. 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఏర్పడినప్పుడు ఆ పనికి వారసత్వం దానికి వచ్చింది. ఇవాళ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కిక్కిరిసి ఉండే కె.పి.హెచ్.బి. కాలనీలో గది అద్దెకు తీసుకున్న కుర్రవాడికి తెలియకపోవచ్చు గానీ, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు అన్న ఆ పేరుకు ముత్తాత ఆరాయిష్-ఎ-బల్దాయే.

అలాగని గల్లీ తీసేసిన చోటే ఆ గల్లీ మనుషులందరికీ ఇల్లు దొరికిందని అనుకోవడానికి లేదు. రోడ్డు వెడల్పయితే దాని మీది దుకాణం విలువ పెరుగుతుంది. విలువ పెరిగితే అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగితే మొదట మూటాముల్లె సర్దుకునేది అక్కడ అందరికంటే బీదవాడే. బోర్డు కూడా ఈ లెక్క నుంచి తప్పించుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ఏ సంస్థా తప్పించుకోలేదు.

ఆ రోజుల్లో కట్టిన పెద్ద భవనాలు ఎక్కడ నిలిచాయో చూస్తే అసలు ఆశ్చర్యం కలుగుతుంది. ప్రాణాలు తీసిన నదికి వీపు పెట్టి ఎత్తయిన మిట్టల మీదికి పారిపోవడం సహజం. హైదరాబాద్ అలా చేయలేదు. ఒడ్డుల్ని బలపరిచి, అందరికీ కావలసిన కట్టడాలను సరిగ్గా నది అంచునే నిలబెట్టింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టుకు 1915లో పునాది పడింది, 1920లో తెరిచారు. దాని పక్కనే సిటీ కాలేజీ. ఉత్తరపు ఒడ్డున, పాత ఆసుపత్రి కొట్టుకుపోయిన తావులోనే, ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి లేచింది. అదే ఒడ్డున 1930లలో ఆసఫియా గ్రంథాలయానికి కొత్త భవనం. ఇవాళ అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. నయాపూల్ వంతెన మీద నిలబడితే ఒకవైపు న్యాయం, ఇంకోవైపు వైద్యం, ఒకవైపు చదువు, ఇంకోవైపు పుస్తకం. మధ్యలో నది. ఇంత స్పష్టంగా ఒక ఊరు తనకేం కావాలో నది ఒడ్డున రాసుకోవడం అరుదు.

ఈ భవనాల్లో చాలావాటి వెనుక ఉన్న వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ఇంగ్లండువాడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూస్తున్నవాణ్ణి నిజాం సర్కారు 1914లో పిలిపించుకుంది. తనకు అలవాటైన గ్రీకు స్తంభాల్ని ఇక్కడికి మోసుకురాకుండా, దక్కను కట్టడాల్ని చూసి నేర్చుకున్నాడు. హైకోర్టు నమూనాకు జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ చేయి కూడా పడింది. కట్టే పని మెహర్ అలీ ఫాజిల్ అనే ఇంజినీరు చూశాడు. గులాబీ గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి. ఉబ్బెత్తు గుమ్మటాలు, లోతైన కమానులు, ఎండా జల్లూ గోడకు తగలకుండా ముందుకు చాచిన సజ్జలు. మన మేస్త్రీల సజ్జ, ఉర్దూ ఛజ్జా ఒక్కటే. మాట కలిసినట్టే పని కూడా కలిసింది. కోర్టు మెట్లెక్కే పల్లెటూరి మనిషికి ఆ భవనం పెద్దదిగా అనిపించవచ్చు గానీ పరాయిదిగా అనిపించదు. ఆ కమాను తన ఊరి దర్గాలో చూసిందే; ఆ రాయి తన పొలం గట్టు మీదిదే. వాడుక మాటలో చెప్పాలంటే, ఆ ఇల్లు మనదే అనిపిస్తుంది. ప్రజల కోసం కట్టే కట్టడానికి ఇంతకంటే పెద్ద అర్హత లేదు.

చార్మినార్ వైపు నడిస్తే పత్తర్‌గట్టి వస్తుంది. నయాపూల్ నుంచి చార్మినార్ దాకా ఉన్న పాత బజారు దారిని వెడల్పు చేసి, రెండువైపులా రాతి కమానుల వరుస కట్టి, కింద దుకాణాలు, పైన నివాసాలు పెట్టారు. కమానుల వెనుక నడవా ఉంటుంది. ఏప్రిల్ ఎండలో గాజులు బేరం చేసే ఆడవాళ్ళు, వానలో తడవకుండా నిలబడ్డ కూలీలు, ముత్యాల దుకాణం గడప మీద చాయ్ తాగే ముసలాయన, అందరూ ఆ నీడలోనే. దుకాణందారు సొంత స్థలానికీ ఊరి రోడ్డుకూ మధ్య ఉన్న ఆ నీడ ఎవరిదీ కాదు, కాబట్టే అందరిదీ. మన పల్లె ఇళ్ళ అరుగు చేసిన పనే అది. బాటసారి కూర్చోవడానికి ఇంటివాడిని అడగనక్కర్లేదు. అరుగు ఇంటివాడిదే గానీ దాని నీడ వీధిది. 1591లో ఊరు పుట్టినప్పుడే చార్మినార్ చుట్టూ నాలుగు దిక్కులా బజార్లు వేసి, దాపున గుల్జార్ హౌజ్ నీటితొట్టి పెట్టిన సంప్రదాయం ఇక్కడుంది. పత్తర్‌గట్టి దాన్నే కొత్త కాలానికి పొడిగించింది. 1935లో మొజంజాహీ మార్కెట్ కూడా అదే రాతితో, అదే కమానులతో, నడుమ గడియారం గోపురంతో నిలిచింది. బోర్డుకు అధ్యక్షుడుగా ఉన్న నిజాం రెండో కొడుకు మొజంజా పేరే దానికి పెట్టారు. పండ్ల బండ్లు వెళ్ళిపోయి దశాబ్దాలైనా, సాయంత్రం ఐస్‌క్రీం కోసం అక్కడ చేరే జనాన్ని చూస్తే మార్కెట్‌కు సరుకుకన్నా మనుషులే ముఖ్యమని తెలుస్తుంది. 2020లో దానికి మరమ్మతులు చేసి, సున్నపు పూతలూ రాయీ మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

ఇంత అందంగా కట్టిన ఊళ్ళో ఎవరి మాట వినిపించింది, ఎవరిది వినిపించలేదు అని కూడా అడగాలి. కమాను అందరిదీ అయినా కచేరీ భాష అందరిదీ కాదు. సంస్థానంలో తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువ. కోర్టు, కార్యాలయం, పై చదువు అన్నీ ఉర్దూలో. 1921 నవంబరులో, మూసీకి కొద్ది దూరంలోనే ఉన్న వివేకవర్ధని ప్రాంగణంలో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. ధోండో కేశవ్ కర్వే అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు శ్రద్ధగా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణ చరిత్ర మలుపు తిరిగింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1901 సెప్టెంబరులో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివారు రెసిడెన్సీ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. సర్కారు గ్రంథాలయం కడితే సంతోషమే. అందులో తన భాష లేనివాడు చందాలు వేసుకుని తన గ్రంథాలయం తాను కట్టుకున్నాడు. నగర చరిత్రలో ఈ రెండు భవనాల్నీ పక్కపక్కనే పెట్టి చూడాలి.

బస్తీల్లో ఇంకో కథ నడిచింది. 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్రమండలి పెట్టి, హరికథలూ భజనలతో దళితవాడల్ని కదిలించాడు. 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల దళితుల పిల్లలకు తెలుగు బడులు తెరిచాడు. ప్లేగు రోజుల్లో ఆయన కార్యకర్తలు ఎవరూ ముట్టని శవాలను మోశారు, రోగుల ఇళ్ళకు మందులు చేర్చారు. ప్లాను గీసే ఇంజినీరు కంటికి ఇరుకు గల్లీ ఒక మురికి మచ్చ. ఆ గల్లీలో బడి పెట్టినవాడికి అందులోని ప్రతి గడప తెలుసు. ఊరిని తీర్చిదిద్దినవాళ్ళ జాబితాలో విశ్వేశ్వరయ్య, ఎష్, అలీ నవాజ్ జంగ్ పేర్ల సరసన భాగ్యరెడ్డి వర్మ పేరు రాయకపోతే ఆ జాబితా సగమే.

ఆ తర్వాతి కథ పాఠకులకు చాలావరకు తెలిసిందే. స్వాతంత్ర్యం వచ్చింది, సంస్థానం కలిసింది, రాజధాని పెరిగింది. నది ఒడ్డున తోటల కోసం వదిలిన జాగా సన్నగిల్లింది. పైనున్న పల్లె చెరువుల మీదికి ఊరు పాకింది. మూసీలోకి నీళ్ళకంటే మురుగు ఎక్కువ వచ్చి చేరింది. పని దొరికే చోటికి దగ్గరగా, అద్దె కట్టగల చోటు వెతుక్కుంటూ వచ్చిన జనం, 1908లో ఏ నేల మునిగిందో ఆ నేల మీదే మళ్ళీ గుడిసెలు వేశారు. ఎవరూ కోరి నదిగర్భంలో ఇల్లు కట్టుకోరు. ఊరు వాళ్ళ కోసం వేరే చోటు ఉంచలేదు.

గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల రైతులు తమ భూమికి విలువ కట్టనివ్వరా అని నొచ్చుకున్నారు. చెరువుల్ని ప్రేమించేవాళ్ళు అదే లేకపోతే పట్నం గతేమిటన్నారు. 2022లో ఆ ఆంక్షల్ని సడలించారు. ఎగువ పల్లె ఏం మోయాలి, దిగువ పట్నం ఎంత చెల్లించాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. 788 చెరువుల లెక్క రాసిన నివేదికలోనే దాని వేరుంది. 2024 చివర్లో మూసీ పునరుజ్జీవనం పేరుతో చాదర్‌ఘాట్ ప్రాంతంలో నదిగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేసి, కొన్నింటిని తొలగించి, ఆ కుటుంబాలకు వేరే చోట డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ఇచ్చారు. ఇల్లు దొరికినవాడు బడి ఎక్కడ, పని ఎక్కడ, బస్సు ఎన్నింటికి అని అడుగుతాడు. మల్లేపల్లిలో సి.ఐ.బి. ఇంటి తాళంచెవి అందుకున్నవాడూ అదే అడిగి ఉంటాడు.

హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో కొత్త భవనం వస్తోంది. ఉస్మానియా ఆసుపత్రి పాత కట్టడంలోకి 2020 జులైలో వాననీళ్ళు చేరి వార్డులు మునిగాయి. ఆ తర్వాత ఆ పాత కట్టడం వరకు మూసివేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాది వేశారు. నదికి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చున్న రెండు పెద్ద ఇళ్ళు ఇలా తమ కొలువుల్ని ఖాళీ చేస్తున్నాయి. ఆ గుమ్మటాల కింద రేపు ఎవరు కూర్చుంటారన్నది హైదరాబాద్ తేల్చుకోవలసిన విషయం. అక్కడ టిక్కెట్టు కొనుక్కుని చూసే మ్యూజియం కన్నా, బీదవాడు పనిమీద మెట్లెక్కి వచ్చే చోటు ఏదైనా ఉంటేనే ఆ కట్టడాలకు మర్యాద.

ఉస్మానియా ఆసుపత్రికి కొంచెం దిగువన నది ఒడ్డునే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉంది. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు దాన్ని ఇమ్లీబన్ అంటారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు. 2025 సెప్టెంబరు 26 రాత్రి, పైన రెండు జలాశయాల గేట్లూ ఎత్తాక, మూసీ ఆ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. దసరాకు, బతుకమ్మకు ఊరెళ్ళడానికి సంచులు సర్దుకుని వచ్చిన ప్రయాణికులు ప్లాట్‌ఫారాల మీద చిక్కుకున్నారు. 1908 నాటి వరద తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు.

1908లో 150 మందిని కాచిన ఆ చింతచెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. దాని దగ్గర సెప్టెంబరు 28న కొందరు కూడి, ఆనాడు పోయినవాళ్ళను తలుచుకుంటారు. మిగిలిన రోజుల్లో దాని చుట్టుపక్కల నీడలో జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు చాపలు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు విప్పుకుని, లోపలి నుంచి పిలుపు కోసం చూస్తుంటారు.